అపస్మార రోగి ఆకస్మిక మరణము: బస్తరు సీమలో న్యాయవైద్య విచారణ

(సంఘ సాంస్కృతిక సభయందలి ఉపన్యాస పాఠము)



పాటలకును పద్యములకును నాటకములకును ఏర్పడిన వేదికపై మరణమును గూర్చి, అందును శవపరీక్షను గూర్చి ప్రసంగించుట కొందరికి అప్రియముగా తోచవచ్చును. అయినను బస్తరుతో సంబంధముగల తెలుగు ఉద్యోగి కుటుంబములు అనేకము. బైలడిల్లా ఇనుపరాతి గనులలో కొలువు చేసినవారు, కొత్తవలస–కిరందుల్ రైలు మార్గమున రాత్రింబవళ్లు బండ్లు నడిపినవారు, తపాలా కార్యాలయములలోను కేంద్ర రిజర్వు పోలీసు దళములోను అడవుల నడుమ సంవత్సరములు గడపినవారు ఎందరో కలరు. అట్టివారికి ఏదో ఒకనాడు అక్కడ ఒక ఆకస్మిక మరణము ఎదురుపడియే యుండును. పంచనామాపై సంతకము చేయుమని పోలీసువారు పిలిచిన అనుభవము కొందరికి ఉండవచ్చును. కనుక ఈ విషయము వైద్యులకును వకీళ్లకును మాత్రమే సంబంధించినది కాదు.

బస్తరు తెలుగువారికి పరదేశమును కాదు. ఓరుగల్లు పతనానంతరము కాకతీయ వంశీయుడగు అన్నమదేవుడు ఆ సీమకు పోయి రాజ్యము స్థాపించెనని అక్కడి రాజవంశ చరిత్ర చెప్పుచున్నది. దంతెవాడలోని దంతేశ్వరీదేవి ఆ వంశమునకు ఇలవేల్పు. కోంటాలోను భోపాలపట్నములోను నేటికిని తెలుగు వినబడును. 1948లో భారతదేశమున విలీనమైన ఆ సంస్థానము కేరళ రాష్ట్రమంత వైశాల్యముగల జిల్లాయై, 1998 మొదలు విభజింపబడుచు, నేడు ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున ఏడు జిల్లాలుగా నున్నది. ఆ వైశాల్యమును శ్రోతలు మనసున నుంచుకొనవలెను. ముందు చెప్పబోవు కష్టములలో సగము ఆ దూరమునుండియే పుట్టుచున్నవి.

ఒక ఉదయమును ఊహింపుడు. వాగున కావల పది పదునైదు ఇండ్ల పల్లె. ఇరువదేండ్ల యువకుడు నేలపై చాప మీద బోరగిల పడియున్నాడు. తల్లి పిలిచినది, అతడు లేవలేదు. రాత్రి అందరితోపాటు అన్నము తిన్నాడు, నవ్వినాడు, నిద్రించినాడు. దేహముపై గాయము లేదు. పెదవి కొసను కొంచెము నురుగు ఆరియున్నది. చిన్ననాటినుండి అతనికి మూర్ఛలు వచ్చుచుండెడివి. హిందీలో దానిని మిర్గీ యందురు. కాని వచ్చిన ప్రతిసారియు కొంతసేపటికి లేచి కూర్చుండెడివాడు. పది సంవత్సరములు లేచినవాడు ఈ ఒక్కనాడు ఏల లేవలేదు?

మధ్యాహ్నమునకు ఈ ప్రశ్నకు జవాబులు తయారగును. పొలముగట్టు తగవు పెట్టుకొన్న జ్ఞాతి పేరు ఒకరు చెప్పుదురు. ఊరి చివర ఒంటరిగా నివసించు వృద్ధురాలి పేరు మరియొకరు చెప్పుదురు. ఈ రెండవ జవాబు మిక్కిలి ప్రమాదకరమైనది.

వెరియర్ ఎల్విన్ 1943లో బస్తరు మరియల హత్యలను, ఆత్మహత్యలను గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. నూరు హత్యా వ్యవహారములను పరిశీలించి వ్రాసిన గ్రంథమది. తాగుడు, ఇంటి కలహము, ఆస్తి తగవు, దాంపత్యములో అనుమానము, ఇవన్నియు అందు హత్యా కారణములుగా కనబడును. వానితోపాటు చేతబడి చేసిరను అనుమానమును కనబడును. మరియలను క్రూరులుగా చూపుట ఎల్విన్ ఉద్దేశము కాదు. ఒక మనుష్యుడు ఏ తలంపుతో గొడ్డలి ఎత్తునో తెలిసికొనుటయే ఆయన కోరిక. ఆ తలంపులలో ఒకటి ఇది: కారణము కనబడని చావు ఉండదు, కనబడలేదనగా ఎవరో దాచినారు. ఈ తర్కము బస్తరుకే పరిమితము కాదు. బాణామతి యనియు చిల్లంగి యనియు తెలుగు జిల్లాలలో ఎందరు వృద్ధులు దెబ్బలు తినలేదు? ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వము 2005లో టోనహీ ప్రతాడ్నా నివారణ చట్టము చేసి, స్త్రీని మంత్రగత్తెయని పేర్కొని హింసించుటను నేరముగా ప్రకటించినది. చట్టము హింసించినవానిని శిక్షింపగలదు. ఆ యువకుడు ఏల మరణించెనను ప్రశ్నకు మాత్రము అది జవాబు చెప్పజాలదు. ఆ జవాబు వైద్యుని బల్లపైనుండి రావలెను.

అపస్మారము అతి ప్రాచీన వ్యాధి. చరకసంహితలో నిదానస్థానమునను చికిత్సాస్థానమునను దానికి ప్రత్యేకాధ్యాయములు కలవు. స్మృతి తొలగిపోవుట యని ఆ పదమునకు అర్థము. నటరాజస్వామి పాదము క్రింద అణగియున్న మరుగుజ్జునకు అపస్మార పురుషుడని పేరు. గ్రీకు దేశమున హిప్పోక్రటీసు పేరిట వెలసిన గ్రంథమొకటి, ఈ వ్యాధి దైవికమని జనులు తలచుట అజ్ఞానమనియు, దీని మూలము మెదడులో కలదనియు సుమారు రెండువేల నాలుగువందల యేండ్ల క్రిందటనే వాదించినది. అయినను మూర్ఛ వచ్చినవాని చేతిలో తాళపుచెవుల గుత్తి పెట్టుట, ఉల్లిపాయ వాసన చూపుట నేటికిని మానలేదు. సాధారణముగా మూర్ఛ రెండు మూడు నిమిషములలో దానంతట అదియే ఆగును గనుక, ఆ కీర్తి తాళపుచెవులకు దక్కుచున్నది!

మూర్ఛరోగి నీట పడియో, నిప్పులో పడియో మరణించునని అందరును ఎరుగుదురు. ఏ ప్రమాదమును లేక, పండుకొన్నవాడు పండుకొన్నట్లే మరణించుట కలదని మాత్రము వైద్యులే చాలకాలము గట్టిగా చెప్పలేకపోయిరి. అమెరికాలో న్యూయార్కు రాష్ట్రమునందలి క్రెయిగ్ కాలనీ యను మూర్ఛరోగుల ఆశ్రమ వైద్యుడు స్ప్రాట్లింగ్ 1904లోనే దీనిని గుర్తించి వ్రాసెను. పిదప దశాబ్దములపాటు, మూర్ఛ బాధించునే గాని చంపదను ఓదార్పు మాట వైద్యలోకమున వ్యాపించి, ఆ గుర్తింపు మరుగున పడినది. మరల దానిని వెలికి తీసినవారు న్యాయవైద్యులు. చికాగో నగరమున్న కుక్ కౌంటీ శవపరీక్షాలయమునుండి లీస్ట్మా మొదలగువారు 1980ల దశకమున ప్రకటించిన పరిశీలనలు ఇందు ముఖ్యమైనవి. రోగి బ్రతికియుండగా చూచు వైద్యునికి, ఆ రోగి మరల రాకున్నచో వేరొక వైద్యునికడకు పోయెనని తోచును. శవాగార వైద్యునికి అట్టి భ్రాంతి కలుగుటకు వీలులేదు.

1997లో నాషెఫ్ ఈ మరణమునకు ఒక నిర్వచనము కూర్చెను. 2012లో అది మరల సవరింపబడినది. దాని సారము ఇది: మూర్ఛరోగియై, అనుకోనివిధమున ఆకస్మికముగా మరణించి, గాయము గాని నీట మునుగుట గాని ఎడతెగని మూర్ఛ గాని కారణము కాక, శవపరీక్షలో విషము గాని అవయవ దోషము గాని కనబడనప్పుడు, అది అపస్మారజనిత ఆకస్మిక మరణము. అనగా ఈ నిర్ణయము ఒక గుర్తు కనబడుటచేత గాక, ఇతర గుర్తులన్నియు కనబడకపోవుటచేత ఏర్పడును. సంపూర్ణ శవపరీక్ష జరిగినప్పుడు నిశ్చితమనియు, పరీక్ష లేకున్నను పరిస్థితులన్నియు సరిపోయినప్పుడు సంభావ్యమనియు, వేరొక కారణము కూడ పోటీపడుచున్నప్పుడు సందేహాస్పదమనియు మూడు తరగతులు చేసిరి. 2017లో అమెరికా నాడీవైద్యులు ప్రకటించిన లెక్క ననుసరించి, మూర్ఛరోగులగు వయోజనులలో సంవత్సరమునకు 1,000 మందికి ఒకరును, పిల్లలలో 4,500 మందికి ఒకరును ఈ విధముగా మరణించుచున్నారు.

ఆ చివరి నిమిషములలో ఏమి జరుగునో 2013లో కొంత తెలిసినది. అనేక దేశముల ఆసుపత్రులలో, మెదడు తరంగములను గుండె నడకను యంత్రములు వ్రాయుచుండగా మరణించిన రోగుల పత్రములను రివ్లాన్ అను ఫ్రెంచి వైద్యుడును అతని సహచరులును కూర్చి చూచిరి. అట్టి మరణములు 16. అందు 14 రాత్రివేళ జరిగినవి. దేహమంతయు కొట్టుకొను పెద్ద మూర్ఛ ముగిసిన కొద్ది నిమిషములకే శ్వాసయు గుండెయు తప్పటడుగులు వేయుట మొదలిడినవి. మొదట ఆగినది శ్వాస. గుండె ఆ తరువాత ఆగినది. ఎక్కువమంది బోరగిల పడియుండిరి. ఆ పల్లెలోని యువకుని చాప ఇక్కడ జ్ఞప్తికి రాక మానదు.

ఇక విచారణ. కారణము తెలియని మరణమును గూర్చిన వార్త ఠాణాకు చేరగానే అక్కడ ఒక క్రమసంఖ్యతో నమోదగును. మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ పోలీసువారు దీనిని మర్గ్ అందురు. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడునందును 1973 నాటి కోడునందును ఈ విచారణకు 174వ సెక్షను ఆధారము; 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో అది 194వ సెక్షను. అధికారి స్థలమునకు పోయి, ఇరుగుపొరుగువారిలో పెద్దమనుష్యులు ఇద్దరు లేక అంతకెక్కువమంది ఎదుట శవమును చూచి, గాయములను వర్ణించి, మరణకారణముగా తోచినదానిని వ్రాయవలెను. సందేహమున్నచో శవమును వైద్యునికడకు పంపవలెను. అయితే చట్టము ఇచ్చట ఒక చిత్రమైన షరతు పెట్టినది: వాతావరణమును దూరమును అనుకూలించి, దారిలో శవము కుళ్లి పరీక్ష నిరుపయోగము కాదని తోచినప్పుడే పంపవలెను. ఢిల్లీలో చదువువారికి ఇది పాతకాలపు మాటగా తోచును. జ్యేష్ఠమాసపు ఎండలో, మంచమునకు వాసములు కట్టి శవమును రోడ్డువరకు మోసికొనిపోవు బస్తరు పల్లెవాసికి అందులో ప్రతి యక్షరమును సజీవమైనదే.

ఆ స్థలముననే పోగొట్టుకొన్నచో మరల దొరకని సాక్ష్యము చాల కలదు. శవము బోరగిల నుండెనా, వెల్లకిల నుండెనా? ముఖము దేనికి ఆని యుండెను? అధికారి వచ్చులోపల బంధువులు శవమును తిప్పి, ముఖము తుడిచి, బట్ట మార్చుట సహజము, తప్పును కాదు. కాని మొదట చూచినవారిని వెంటనే అడిగినచో చెప్పుదురు, వారము గడచిన పిదప అడిగినచో కథగా చెప్పుదురు. బట్టలు మూత్రముతో తడిసినవా? చాప చెదరియుండెనా? చూరులో దోపిన మాత్రల అట్ట ఉన్నదా? అందు ఎన్ని మాత్రలు మిగిలినవి, ఏ తేదీన తెచ్చినవి? రెండు రూపాయల ఖరీదుచేయని ఆ ఖాళీ అట్ట ఒక్కొకప్పుడు ప్రయోగశాల చెప్పినంతటి మాట చెప్పగలదు. దురదృష్టవశమున పంచనామాలో గాయములకు గడి ఉన్నది గాని, అట్టకు గడి లేదు.

శవపరీక్షాబల్లపై వైద్యుడు మొదట చూడవలసినది నాలుక. మూర్ఛలో పండ్లు నాలుక ప్రక్కలను కొరుకును. పైకి కనబడని గాటు, నాలుకను కోసి చూచినచో లోపల నెత్తురు గూడు కట్టినట్లు కనబడవచ్చును. అయితే నాలుక గాటు లేనంతమాత్రమున మూర్ఛ రాలేదని చెప్పరాదు. అనేక మరణములలో అది ఉండదు. ఊపిరితిత్తులు నీరూరి బరువెక్కియుండుట తరచుగా కనబడును గాని, అది మరి పది విధముల మరణములలోను కనబడును. గుండెను కవాటములు, నాళములు, కండరము వరుసగా చూడవలెను; యౌవనములోనే గుండె కండరము దళసరియై చంపు జబ్బులు కలవు, వానివలన వచ్చు సొమ్మను మూర్ఛయని పొరబడుటయు కలదు. మెదడు సంగతి మరింత ఓపిక కోరును. పచ్చి మెదడు మెత్తగా నుండి, కత్తికి లోబడి చెదరును. దానిని ఫార్మలిన్ ద్రవమున రెండు మూడు వారములు గట్టిపరచి, ముక్కలుగా కోసి చూచినచో పాత గాయపు మచ్చ, పుట్టుకతోనున్న లోపము, బద్దెపురుగు పిల్లల తిత్తులు కనబడవచ్చును. ఈ తిత్తులు బస్తరులోనేగాక భారతదేశమంతటను మూర్ఛకు ఒక ముఖ్య కారణము. పురుగు కడుపులోనున్న మనుష్యుని మలమునుండి గ్రుడ్లు కూరగాయలకును నీటికిని చేరి, అచ్చటినుండి ఇతరుల కడుపున ప్రవేశించును గనుక, పందిమాంసము ముట్టనివారికిని ఈ ముప్పు తప్పదు.

రసాయన పరీక్షకు పంపు కడుపు, కాలేయము, మూత్రపిండముల భాగములను ఫార్మలిన్‌లో వేయరాదు. ఉప్పును కరగునంతవరకు కరగించిన నీటిలో వేయవలెను. ఒకే గదిలో రెండు సీసాలు, రెండు ద్రవములు. తొందరలో మారినచో నెలల తరువాత వచ్చు ఫలితము పనికిరాకపోవును. రాయపూరులోని ప్రయోగశాలకు పంపు పత్రములో, ఈ వ్యక్తి మూర్ఛరోగి, వాడుచుండిన మందు ఫలానా యని వ్రాయవలెను. వ్రాయనిచో రసాయనికుడు పురుగుమందులను, సారాను వెదకి, లేవని జవాబిచ్చును. ఫినోబార్బిటాల్ రక్తములో ఎంత ఉన్నదని ఎవరు అడిగిరి? మందు మోతాదు మిక్కిలి తక్కువగానున్నచో మాత్రలు మానెనని ఊహింపవచ్చును. మిక్కిలి ఎక్కువగానున్నచో అది వేరు కథ, అపస్మారజనిత మరణము కాకపోవచ్చును.

ఇంతవరకు చెప్పినది ఏ దేశమునకైనను వర్తించును. బస్తరులో కష్టము ఇంకను పెద్దది. ఏలయనగా ఇటువంటి మరణమువలెనే కనబడు ఇతర మరణములు ఆ సీమలో సమృద్ధిగా కలవు.

అందు మొదట చెప్పవలసినది కట్లపాము. రాత్రివేళ ఇండ్లలోనికి వచ్చి, నేలపై నిద్రించువారిని కరచుట దాని స్వభావము. కాటు వాపు లేపదు. కోరల గుర్తు సూదిమొన వంటిది, నల్లని చర్మముపై వెదకినను చిక్కదు. నిద్రలేచినవాడు కడుపునొప్పి యనును, కనురెప్పలు వాలును, తరువాత ఊపిరి తీయు కండరములు చచ్చుబడును. నిద్రలోనే కరచినచో ఆ నొప్పి మాటయు ఎవరును వినకపోవచ్చును. ఉదయమున నేలచాపపై గాయములేని శవము! మూర్ఛరోగి గనుక మూర్ఛతోనే మరణించెనని వ్రాసిన వైద్యుడు పామును విడిచిపెట్టినవాడగును. పాము ఇంకను ఆ ఇంటి చూరులోనే ఉండవచ్చును. 2000 నుండి 2019 వరకు భారతదేశమున పాముకాటు మరణములు సంవత్సరమునకు సగటున 58,000 అని పరిశోధకులు అంచనా వేసిరి. కావున శవము చేతివ్రేళ్ల సందులు, చెవి వెనుకభాగము, జుట్టు కుదుళ్లవరకు భూతద్దముతో చూచుట బస్తరు వైద్యునికి చాదస్తము కాదు.

ఫాల్సిపేరం మలేరియా మెదడునకు ఎక్కినప్పుడు తానే మూర్ఛలు పుట్టించును. జ్వరము రెండు దినములున్నదని తల్లి చెప్పినచో మెదడు సన్ననాళములను సూక్ష్మదర్శినితో చూడక తీరదు. సికిల్ సెల్ వ్యాధియు ఛత్తీస్‌గఢ్‌లో విస్తారము. జీలుగుకల్లు అక్కడ సల్ఫీ యనబడును. ఇప్పసారా సంగతి చెప్పనక్కరలేదు. అధికముగా త్రాగినవాడు హఠాత్తుగా మానిన ఒకటి రెండు దినములలో మూర్ఛ వచ్చుట కలదు గనుక, త్రాగిన దినమునేగాక మానిన దినమును కూడ అడుగవలెను.

నీటి మరణముల సంగతి కొంత నిలిచి చూడదగినది. మూర్ఛరోగులకు నీట మునిగి మరణించు ప్రమాదము ఇతరులకంటె 18 రెట్లకు పైగా కలదని 2008లో లండను పరిశోధకులు లెక్కకట్టిరి. ఇంద్రావతిలోను శబరిలోను చేపలు పట్టుట, స్నానము, బట్టలుతుకుట నిత్యకృత్యములు. మోకాలిలోతు నీటిలో ఈత వచ్చినవాడు మరణించినాడన్నచో ఎవరో త్రోసి అదిమిరనియే ఊరు తలచును. మూర్ఛలో స్పృహ తప్పినవానికి మోకాలిలోతే అగాధమని ఎరుగనివారికి ఆ తలంపు సహజమే. అట్టిచో శ్వాసనాళములోని నురుగును ఇసుకను చూచుట, ఎముక మూలుగలో డయాటములను సూక్ష్మ జీవులను వెదకుట, మెడపైనను భుజములపైనను వ్రేళ్ల ఒత్తుడు గుర్తులకై చర్మము క్రిందివరకు కోసి చూచుట, ఇవన్నియు చేసిననే గాని నిరపరాధి బయటపడడు. అపరాధియు బయటపడడు. హంతకునికి మృతుని మూర్ఛరోగము ఒక మరుగు; దానిచాటున గొంతు నులిమినవాడు దాగరాదు. మెడలోని చిన్న హయాయిడ్ ఎముకను విరుగకుండ తీసి చూచుట అందుకే.

మరియొక ఇంటిని చూతము. ఇది అడవిపల్లె కాదు, జగదల్‌పూరు వంటి పట్టణమున ఉద్యోగి క్వార్టరు. ఆదివాసీ కుటుంబములలో ఆచారముగా కన్యాశుల్కమే గాని వరకట్నము లేదు. మైదానమునుండి పోయిన ఉద్యోగులు మాత్రము తమ పెట్టెలతోపాటు కట్నమును కూడ తీసికొనిపోయిరి. పెండ్లియై రెండేండ్లయిన యువతి, భర్త రాత్రి డ్యూటీకి పోగా, ఉదయమునకు పరుపుపై బోరగిల పడి, తలగడలో ముఖముంచి మరణించినదనుకొందము. వివాహమైన ఏడు సంవత్సరములలోపల సందేహము గొల్పు పరిస్థితులలో స్త్రీ మరణించినచో శవమును పరీక్షకు పంపుట తప్పనిసరి. మేజిస్ట్రేటు విచారణయు జరుగును. తలగడతో నొక్కి చంపుటకును, మూర్ఛ పిదప బోరగిల పడి ఊపిరి ఆగుటకును శవముపై భేదము మిక్కిలి స్వల్పము. పెదవుల లోపలి చర్మము పండ్లకు నలిగెనా, చిగుళ్లు చిట్లెనా, చేతులపై పెనుగులాట గుర్తులున్నవా యని వైద్యుడు వెదకును. కాని అన్నిటికంటె ముఖ్యమైన సాక్ష్యము పుట్టింటివారి నోట ఉన్నది: అమ్మాయికి పదమూడవ యేటినుండి మూర్ఛలు వచ్చెడివి, సంబంధము తప్పిపోవునని చెప్పలేదు, అత్తవారింట కనబడునని మాత్రలు మానిపించితిమి.

ఆ మాట చెప్పుట తల్లిదండ్రులకు ఎంత దుర్భరమో ఊహింపవచ్చును. చెప్పకున్నచో నిర్దోషి యగు అల్లుడు కారాగారమున పడవచ్చును. చెప్పినచో, నిజముగా చంపిన అల్లుడు దానినే ఆసరాగా గొని తప్పించుకొనునేమోయని భయము. రెండు భయములకును విరుగుడు సంపూర్ణ శవపరీక్ష యొక్కటియే. 1955 నాటి హిందూ వివాహ చట్టమున మూర్ఛరోగము వివాహమునకు అభ్యంతరముగా ఉండెను. 1999లో పార్లమెంటు ఆ మాటను తొలగించినది. చట్టమునుండి తొలగిన మాట సంబంధములు చూచువారి మనసులనుండి ఇంకను తొలగలేదు. ఆ దాపరికమే మాత్రలను మానిపించుచున్నది. మాత్రలు మానుటయే పెద్ద మూర్ఛలను తెచ్చుచున్నది.

ఇంత శ్రమపడిన పిదప మరణపత్రములో వ్రాయు రెండు మాటలను గూర్చి చెప్పవలెను. గుండెయు శ్వాసయు ఆగుటచే మరణము అని వ్రాయుట ఒక అలవాటైనది. ప్రపంచమున గుండె ఆగక మరణించినవాడెవడు? మరణకారణ ధ్రువపత్రపు నమూనాలోనే, మరణించు విధమును గాక దానికి మూలమైన వ్యాధిని వ్రాయవలెనని సూచన కలదు. దేశములో నమోదైన మరణములలో వైద్య ధ్రువపత్రము గలవి 2020లో సుమారు 22 శాతము మాత్రమే. ఆ కొద్దిలోను ఇట్టి మాటలే నిండియున్నచో, మూర్ఛరోగులు ఎందరు, ఏ వయస్సున, ఏ మందులు అందక మరణించుచున్నారో జిల్లా వైద్యాధికారికి తెలియు మార్గమేది? బ్రిటనులో 2002లో మూర్ఛ సంబంధ మరణములను జాతీయస్థాయిలో పరిశీలింపగా, సుమారు పదింట నాలుగు మరణములు తప్పింపదగినవియై యుండెనని తేలినది. మరణానంతర పరీక్షలును ఎన్నోచోట్ల అసంపూర్ణములని తేలినది. అంతటి దేశముననే అట్లున్నది.

జగదల్‌పూరులో 2006లో వైద్యకళాశాల వెలసినది. బలిరామ్ కశ్యప్ పేరిటనున్నది. అంతకుపూర్వముకంటె శవపరీక్షకు అవకాశము మెరుగైనది. అయినను ఫార్మలిన్‌లో మెదడును మూడు వారములుంచుటకు బంధువులు ఒప్పుకొనరు. అవయవము లేని శవమును వారేల తీసికొనిపోవలెను? అంతదూరము మరల ఎవరు వత్తురు? మృతులకు స్మారకశిలలు నిలుపు మరియలకు అంత్యక్రియ తేలికవిషయము కాదు. ఇట్టిచోట కొందరు వైద్యులు చేయు ఏర్పాటు న్యాయముగా తోచుచున్నది: మెదడును అప్పుడే జాగ్రత్తగా కోసి, అనుమానముగల భాగములను మాత్రము చిన్న ముక్కలుగా ఉంచుకొని, మిగిలినది శవముతోనే ఇచ్చివేయుదురు. శాస్త్రమునకు కొంత లోటే. కాని పరీక్షయే వలదని శవమును రాత్రికి రాత్రి తీసికొనిపోవుటకంటె మేలు.

ప్రతి సంవత్సరము మిరపకోతల కాలమున బస్తరు కూలీలు వేలకొలది భద్రాచలము, ములుగు, ఖమ్మము ప్రాంతముల చేలకు వచ్చుచున్నారు. సంచిలో బట్టలుండును, బియ్యముండును. నెలకు సరిపడు మాత్రలుండవు. ఫినోబార్బిటాల్ 1912 నుండి వాడుకలోనున్న చవుకయైన మందు; సరియైన మందును క్రమముగా వాడినచో మూర్ఛరోగులలో నూటికి డెబ్బదిమందికి మూర్ఛలు నిలిచిపోవునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. పెద్ద మూర్ఛలు నిలిచినచో ఈ ఆకస్మిక మరణ భయమును చాలవరకు తగ్గును. రాత్రి ఒకే గదిలో మరియొకరు పండుకొనుటయు రక్షయే. మురియాల ఘోటుల్‌లో యువతీయువకులు కలసి నిద్రించుటను గూర్చి ఎల్విన్ పెద్ద గ్రంథమే వ్రాసెను గాని, అందు ఈ ఉపయోగము ఆయనకును తట్టియుండదు. క్వార్టరులో ఒంటరిగానుండు ఉద్యోగికి ఆ రక్షయు లేదు.

చేనిలోని గుడిసెలో కూలి మరణించినచో పంచనామా తెలుగులో వ్రాయబడును. శవము గోదావరి దాటి, శబరి ప్రక్కగా కోంటాకు పోవును. మృతుని తల్లి మాటలాడునది గోండీ యో దోర్లీ యో. ఆమెను మూర్ఛల సంగతి అడిగినవాడు తెలుగు హెడ్ కానిస్టేబులు. నడుమ దుబాసీ మేస్త్రీ. కూలీలను తెచ్చినవాడును అతడే గనుక, కూలీకి జబ్బున్నదని ఒప్పుకొనుటకు అతనికి ఇష్టముండదు.

ప్రయోగశాల నివేదిక కొన్ని నెలలకు ఠాణాకు చేరును. విషము లేదు. మెదడు ముక్కలో పాత మచ్చ కలదు. ఇతర కారణము కనబడలేదు. మూర్ఛరోగమువలన ఆకస్మిక మరణము సంభావ్యము. అధికారి ఆ కాగితమును మర్గ్ ఫైలులో కుట్టి, ఫైలు మూసివేయును. చట్టము అతనిని అంతకంటె అడుగలేదు. కాని ఊరి చివర ఒంటరిగానున్న వృద్ధురాలిని గూర్చిన మాట ఆ పల్లెలో ఇంకను మూయబడలేదు. వాగు దాటి పోయి, గ్రామపెద్దలను పిలిచి, ఆ నివేదికలోని నాలుగు వాక్యములను వారి భాషలో చదివి వినిపించుట ఏ అధికారి విధిగాను ఏ నియమావళియందును వ్రాయబడలేదు. కొన్ని ఠాణాలలో ఎవరో ఒకరు తమంత తామే పోయి చెప్పి వచ్చుదురు.